ఆయ్ అన్నంత మాత్రాన

పోయినవారం మిమ్మల్ని స్కూలు గేటు దగ్గరే నిలబెట్టి వెళ్ళిపోయాను. ఏమీ అనుకోకండి. ఆ రోజు గేటు దాకా వచ్చేసరికి నాకే లోపలికి అడుగు పడలేదు. ఇప్పుడు రండి, కలిసే వెళదాం.

కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు నిర్మల. ఆరేళ్ళు మస్కట్‌లో ఒకరింట్లో వంటపని చేసి, పోయిన ఉగాదికి ఐనవిల్లి దగ్గర మా ఊరికి తిరిగొచ్చేశాను. ఇప్పుడు ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. మా ఆయన వీరబాబు అమలాపురం రోడ్డు మీద ఆటో తోలుతాడు. మాకు ఒక్కతే కూతురు, లక్ష్మీదుర్గ. కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతి. మనం గేటు దగ్గర ఆగిన రోజుకి పది రోజుల ముందు ఆ స్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నలభై సెకన్ల ఆడియో ఒకటి పడింది. అందులో ఎవడో మగవాడు నా కూతుర్ని ఫోటోలు పంపమంటున్నాడు, రాజోలు రమ్మంటున్నాడు. నా కూతురు ప్రతిదానికీ "ఆయ్" అంటోంది.

అది వినగానే నేను చేసిన ఘనకార్యం పాత పాఠకులకు తెలుసు. పిల్లని ఒక్క మాట అడగలేదు. చెయ్యి చేసుకున్నాను, ఫోను లాక్కున్నాను, తీసుకెళ్ళి బియ్యం డబ్బా అడుగున పెట్టాను. నాలుగు రోజులు అది నాతో మాట్లాడలేదు. అయిదో రోజు దానంతట అదే వచ్చి, "అమ్మా, ఫోన్లో మొత్తం ఉంది. వింటావా, వినవా?" అంది. విన్నాను. విన్నాక నా మొహం నేనే అద్దంలో చూసుకోలేకపోయాను. శనివారం మధ్యాహ్నం మీటింగుకి రమ్మని స్కూలు నుంచి కబురొస్తే, ఆ ఫోను సంచిలో పెట్టుకుని ముగ్గురం బయల్దేరాం.

మీటింగు పైఅంతస్తులో, రేకుల హాల్లో. ఫిబ్రవరికే ఆ రేకుల కింద చెమటలు పడుతున్నాయి. ఎనభైమంది దాకా తల్లులూ తండ్రులూ వచ్చారు. ఎదురుగా బల్ల, బల్లకి అటొకటీ ఇటొకటీ నల్లటి సౌండు బాక్సులు. స్కూలు వార్షికోత్సవానికి తెప్పించిన పెద్ద బాక్సులు అవి. ఎనభైమంది తల్లిదండ్రులతో మాట్లాడటానికి అంత పెద్ద బాక్సులు ఎందుకో నాకు లోపలికి వెళ్ళగానే అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది.

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కరస్పాండెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు. చెడ్డాయన కాదు, స్కూలు పేరుకి మచ్చ వస్తుందంటే మాత్రం ఆయనకి నిద్ర పట్టదు. ఆయనకి కుడివైపు హైదరాబాదు నుంచి పిలిపించిన కౌన్సిలర్ మాధవీలతగారు. ఎడమవైపు తల్లిదండ్రుల కమిటీ పెద్ద సూర్యకాంతంగారు. వాళ్ళది కొబ్బరికాయల వ్యాపారం. లారీ లోడింగు దగ్గర ముప్ఫైమంది కూలీలని కుర్చీలో కూర్చునే నడిపించగల గొంతు ఆవిడది. ఆవిడ చిన్నమ్మాయి ఇదే స్కూల్లో తొమ్మిది చదువుతోంది. ఆ ఆడియో ఆ పిల్ల క్లాసు గ్రూపులో దొరికితే, తీసుకొచ్చి పెద్దల గ్రూపులో పెట్టింది సూర్యకాంతంగారే. కింద ఒక వాక్యం కూడా రాశారు: "ఇలాంటి పిల్లల మధ్య మన పిల్లల్ని ఎలా ఉంచాలి?"

"అందరూ వచ్చేరు గదండి," అని మొదలుపెట్టారు కరస్పాండెంటుగారు. "ఎవర్నీ బాధపెట్టాలని కాదండి. పబ్లిక్ పరీక్షలు నెల రోజుల్లోకి వచ్చేసినియ్యి. ఇలాంటప్పుడు మనందరం ఒక మాట మీద ఉండాలి. అసలు సంగతి ఏంటో అందరూ ఒకసారి వింటే బాగుంటుందని కౌన్సిలర్ మేడంగారు అన్నారండి."

ఆయన ల్యాప్‌టాప్ మీద వేలు నొక్కారు. ఆ నల్లబాక్సులు ఎందుకో అప్పుడు తెలిసింది.

నా కూతురి గొంతు హాలంతా నిండింది. "ఆయ్... ఆయ్... ఆయ్ అండి..." ఆ మగగొంతు ఏదో అంటుంది, దీని గొంతు "ఆయ్" అంటుంది. నలభై సెకన్లు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో నోరు మూసుకుంది. వెనకెవరో నవ్వారు. మా ఆయన తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. నా పక్కన లక్ష్మీదుర్గ మాత్రం తల వంచలేదు. ఎదురుగా గోడ మీద ఉన్న భారతదేశం పటాన్ని చూస్తూ కూర్చుంది. దాని చెయ్యి పట్టుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళ పిల్ల గొంతుని పెళ్ళి పందిట్లో పాట పెట్టినట్టు బాక్సుల్లో పెట్టి వినిపిస్తారా?

మాధవీలతగారు మైకు తీసుకున్నారు. ఆవిడ మెల్లగా, మర్యాదగా మాట్లాడారు. "నేను లెక్కపెట్టాను. పదకొండుసార్లు. ఫోటోలు పంపుతావా అంటే సరే అంది, ఎవరికీ చెప్పవద్దంటే సరే అంది, రమ్మంటే సరే అంది. ఒక్కచోట కూడా కాదు అనలేదు. పాపని నేను తప్పు పట్టడం లేదు. తల్లిదండ్రులు చాలాకాలం దగ్గర లేని పిల్లల్లో ఇలా బయటివాళ్ళ మాటకి తేలిగ్గా ఒప్పుకోవడం కనిపిస్తుంది."

ఆ చివరి మాట నాకు తగిలింది. ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలేట్టు అన్నారు.

కరస్పాండెంటుగారు బల్ల మీద నుంచి ఒక కాగితం తీశారు. "ఇది హామీ పత్రం అండి. వీరబాబుగారూ, నిర్మలగారూ దీని మీద సంతకం పెట్టేస్తే మాటర్ ఇక్కడితో అయిపోద్ది. ఏం లేదండి, అమ్మాయి ఫోన్లో తప్పుగా మాట్లాడిందని ఒప్పుకుంటున్నాం, పరీక్షల దాకా ఇంటిదగ్గరే ఉంచి చదివించుకుంటాం అని. మిగతా ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా పిల్లలకి ఫోను ఇవ్వం అని ఇంకో కాగితం మీద సంతకం పెడతారు."

"పెట్టకపోతే ఏమవుద్దండి?" అని అడిగాను.

"సోమవారం టీసీ ఇచ్చేస్తామమ్మా. మాకు వేరే దారి లేదు."

పదో తరగతి పిల్లకి పరీక్షల ముందు నెలలో టీసీ ఇస్తే ఏమవుతుందో ఆ హాల్లో అందరికీ తెలుసు. సంతకం పెడితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ కాగితం దాని వెనకాలే కాలేజీకి వస్తుంది, పెళ్ళి చూపుల దాకా వస్తుంది. ఒక వైపు చదువు, ఒక వైపు పేరు. ఏది పోగొట్టుకుంటావో నువ్వే తేల్చుకో అన్నట్టుంది.

మా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "పెట్టేద్దామే. గొడవ వదిలిపోద్ది," అన్నాడు నా చెవిలో. నేను లేచి నిలబడ్డాను.

"మేడంగారండి, మీదే ఊరండి?" అన్నాను.

"హైదరాబాద్," అన్నారు మాధవీలతగారు.

"అదేనండి. మీ తప్పేం లేదు. మీకు తెలీదు." హాలు వైపు తిరిగాను. "మరి మీకందరికీ ఏమైందండి? కోనసీమలో పుట్టి, కోనసీమ నీళ్ళు తాగినవాళ్ళు. ఆయ్ అంటే సరే అని ఎప్పుడైందండి?"

మళ్ళీ నేనే అందుకున్నాను.

"రాంగ్ నంబరొస్తే ఆయ్ అంటాం. బ్యాంకు నుంచి రికార్డు గొంతు మాట్లాడితే దానికీ ఆయ్ అంటాం. మా అత్తగారు టీవీలో వార్తలు చదివే ఆవిడకి ఆయ్ చెప్పేదండి. ఎదుటివాడు మాట్లాడుతుంటే వింటన్నామని చెప్పే మాట అది. ఊరకే ఉంటే మర్యాద కాదని అనే మాట. ఒప్పుకున్నామని కాదు."

"అమ్మా, ముందు మీరు కూర్చోండి," అన్నారు కరస్పాండెంటుగారు.

"ఆయ్," అన్నాను. అలాగే నిలబడ్డాను.

ఆయన చేత్తో కుర్చీ చూపించారు. "కూర్చోండమ్మా."

"ఆయ్ అండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి నవ్వు నా మీద కాదు. "రెండుసార్లు ఆయ్ అన్నానండి," అన్నాను మాధవీలతగారితో. "కూర్చున్నానా?"

ఆవిడ మొహంలో ఏదో మారింది. కాగితం మీద రాసుకున్న పదకొండు చుట్టూ కలంతో సున్నా చుట్టి ఆగిపోయారు. మస్కట్ వెళ్ళిన మొదటి నెల నేను పనిచేసిన ఇంటావిడ ఏం చెప్పినా ఆయ్ అంటుంటే, నాకు పన్ను నొప్పేమో అనుకుని మాత్ర తెచ్చి ఇచ్చింది. ఆవిడ నయం. అర్థం కానిదాన్ని జబ్బు అనుకుంది తప్ప తప్పు అనుకోలేదు.

అప్పుడు సూర్యకాంతంగారు అందుకున్నారు. ఆవిడకి మైకు అక్కర్లేదు. "మాటలకేం లోటు లేదు నిర్మలా. ఆరేళ్ళు పిల్లని ఫోనుకి అప్పజెప్పి నీ దారిన నువ్వు పోయేవు. ఇప్పుడొచ్చి ఆయ్‌లకి అర్థాలు చెప్తన్నావు. తల్లి ఇంటిపట్టున ఉండి కనిపెట్టుకునుంటే ఇలా ఎందుకవుద్ది?"

ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు పడుతుందని తిరిగొచ్చిన రోజు నుంచీ కాచుకుని ఉన్నాను. పడ్డాక ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"అవునండి, ఫోనుకే అప్పజెప్పేను," అన్నాను. "ఏం చెయ్యమంటారండి? పిల్లకి జడెలా వేసుకోవాలో ఫోన్లోనే చూపించేను. పంతొమ్మిదో ఎక్కం ఫోన్లోనే అప్పజెప్పించుకున్నాను. అది పెద్దమనిషైన రోజు బాత్రూములోకి ఫోను పట్టుకెళ్ళి ఏడుస్తా నాకు చేసింది. నేను అక్కడ ఒకళ్ళింట్లో చేపలు కడుగుతున్నాను. చేపల చేతులతోనే ఫోను పట్టుకుని భయపడకని చెప్పేను, ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పేను. ఆ ఫోను లేకపోతే ఆ రోజు నా పిల్లకి ఎవరున్నారండి? ఫోను పిల్లల్ని చెడగొట్టేస్తదని మీరు తేలిగ్గా అంటారు. నా పిల్లకి ఆరేళ్ళు అమ్మంటే ఆ ఫోనే."

మా ఆయన పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆ పెద్దమనిషైన రోజు సంగతి నేను ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"నేను తప్పు చెయ్యలేదంటం లేదండి," అన్నాను. "చేసేను. ఆ ఆడియో రాగానే పిల్లని కొట్టేను. ఫోను తీసుకెళ్ళి బియ్యంలో పాతేను. వాడు ఫోన్ చేసిన రోజునే నాకెందుకు చెప్పలేదే అని తరవాత అడిగితే అదేమందో తెలుసాండి? 'చెప్తే ఫోను లాక్కుంటావని చెప్పలేదమ్మా' అంది. నేను చేసిందీ అదే కదండీ. ఇప్పుడు ఈ కాగితంలో మీరంతా చేద్దామంటున్నదీ అదే. ఇయ్యాళ ఆడపిల్లలందరి దగ్గరా ఫోన్లు లాగేసుకోండి. రేపు ఇలాంటోడు ఫోన్ చేస్తే ఏ పిల్లన్నా వచ్చి మీతో చెప్పుద్దాండి?"

రెండో వరసలో ఒక తండ్రి తన పక్కనున్న కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల చూపు తిప్పేసుకుంది. ఆ తండ్రి మొహంలోకి వచ్చిన అనుమానం నేను చూశాను.

"మరి ఏం చేద్దామంటారు? పిల్లలు ఇష్టం వచ్చినట్టు..." అంటూ కరస్పాండెంటుగారు మాట వెతుక్కున్నారు.

"పక్కన కూర్చుందామండి. ఆ అయిదో రోజు నుంచీ మేమిద్దరం అదే చేస్తన్నాం. నేను జాకెట్లు కుడతా ఉంటే అది పక్కన కూర్చుని దాని ఫోను నాకు చూపిస్తది. బస్టాపు దగ్గర ఆంటీలు ఎలా మాట్లాడుకుంటారో చేసి చూపిస్తా వీడియోలు తీస్తదండి మా పిల్ల. చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేను. ఎవరు చూడొచ్చు, ఎవరు మెసేజ్ పెట్టొచ్చు అన్నది ఎక్కడ మార్చాలో అదే నాకు నేర్పింది. తెలీని నంబరొస్తే స్పీకర్లో పెట్టి ఇద్దరం వింటాం. ఫోను పడుకునే గదిలోకి రాదు, నాదీ రాదు, దానిదీ రాదు. అది పెట్టిన షరతే. నేను మస్కట్ అలవాటుకొద్దీ పొద్దస్తమానం ఫోను చూస్తన్నానని నాకు పెట్టింది."

ఎవరో మళ్ళీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను.

"సంతకం పెట్టనండి," అన్నాను. "టీసీ తీసుకోనండి. సోమవారం పొద్దున్న ఎప్పట్లాగే దాన్ని బస్సెక్కిస్తాను. మీరు ఇందాక వినిపించింది నలభై సెకన్లు. అసలుది నాలుగు నిమిషాలుంది. ఆ బాక్సులోనే మిగతాది కూడా విందాం. విన్నాక కాగితం సంగతి చూద్దాం."

"మొత్తం మీ దగ్గరెలా ఉంది?" అని అడిగారు మాధవీలతగారు.

దానికి లక్ష్మీదుర్గ లేచి జవాబు చెప్పింది. హాల్లో అది నోరు విప్పడం అదే మొదలు. "నా ఫోన్లో కాల్స్ అన్నీ రికార్డవుతాయి మేడం. అమ్మ మస్కట్‌లో ఉన్నప్పుడు నెట్ లేకపోతే మామూలుగా ఫోన్ చేసేది. తరవాత మళ్ళీ వినడానికని పెట్టుకున్నాను. తియ్యడం మర్చిపోయేను."

ఆ సంగతి నాకూ అంతకు ముందు వారమే తెలిసింది. నా గొంతు దాచుకోవడానికి పెట్టుకున్నది ఇప్పుడు దాన్ని కాపాడుతోందని తెలిసినప్పుడు మాత్రం, ఒప్పుకుంటాను, ఏడ్చాను.

"అవసరం లేదండి, ఇదంతా పెంచుకోవడం..." అని కరస్పాండెంటుగారు అంటుండగానే మా ఆయన లేచాడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా సంచిలోంచి ఫోను తీశాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, ల్యాప్‌టాప్‌కి ఉన్న వైరు పీకి ఫోనుకి పెట్టాడు. ఆటోలో పాటల బాక్సు బిగించుకున్న మనిషికి ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను ఆయన్ని చూసి అంత గర్వపడటం అదే మొదటిసారి.

బాక్సు గరగరలాడింది. తరవాత మగగొంతు వచ్చింది, హైదరాబాదు యాసలో.

"హలో, లక్ష్మీదుర్గానా? నేను హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్న. నీ వీడియోలు చూసినం. మంచిగ చేస్తున్నవ్."

"ఆయ్, థాంక్సండి."

"షార్ట్ ఫిలిం తీస్తున్నం. నీలెక్క ఉండే పిల్ల కావాలె."

"ఆయ్."

ఫోటోలు, ఎవరికీ చెప్పవద్దనడం, ఆదివారం రాజోలు. అందరూ ఒకసారి విన్నవే. నలభై సెకన్ల ముక్క అయిపోయిన చోట నా కూతురి గొంతు ఆగలేదు.

"ఆయ్, మీరు చెప్పిందంతా విన్నానండి. నేను ఫోటోలు పంపనండి. రాజోలు రానండి. ఏమన్నా చెప్పాలంటే మా అమ్మ నంబరిస్తాను, మా అమ్మతో మాట్లాడండి."

హాల్లో కుర్చీలు కదిలాయి.

"మరి ఇందాకట్నుంచి ఆయ్ ఆయ్ అన్నవ్?"

"మర్యాదకి అన్నానండి."

మాధవీలతగారు కళ్ళు మూసుకున్నారు. ఆ మాట ఆవిడకి పూర్తిగా అర్థమైంది. మగగొంతు నవ్వింది. ఆ నవ్వు ఎన్నిసార్లు విన్నా నాకు వాణ్ణి చెప్పుతో కొట్టాలనిపిస్తుంది.

"నీ మర్యాద నీ దగ్గర పెట్టుకో. ఆ ఆయ్‌లన్నీ నా దగ్గర ఉన్నయ్. వెనకది కోసేసి వినిపిస్తే ఏమైతదో చూస్కో. ఎవ్వరూ నిన్ను నమ్మరు."

తరవాత రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడరు. ఇంట్లో మా ఫోన్లో విన్నప్పుడు ఆ చోట ఏదో దూరపు గొణుగుడు వినిపించేది. బస్సు హారనో, టీవీనో అనుకున్నాం. వార్షికోత్సవం బాక్సులు ఆ గొణుగుడుని హాలు మధ్యలో తెచ్చి పెట్టాయి. ఆడగొంతు. లారీ దాకా వినపడే గొంతు.

"ఒరేయ్ చిన్నా, ఉప్మా చల్లారిపోతందిరా. ఎంతసేపురా ఆ ఫోను?"

వెంటనే అదే మగవాడు, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, హైదరాబాదు యాస ఎక్కడో వదిలేసి: "వత్తన్నానే. ఉండు."

ఆఖరున నా కూతురి గొంతు, "ఉంటానండి," అంది. ఫోను పెట్టేసింది.

ఎవరూ తల తిప్పలేదు. పది నిమిషాల కిందటే మైకు లేకుండా హాలంతా వినిపించిన గొంతుని గుర్తుపట్టనివాళ్ళు అక్కడ లేరు. అయినా ఒక్కరు కూడా బల్ల ఎడమవైపు చూడలేదు. మా వైపు మనుషులు అంతే. ఎదుటివాళ్ళు సిగ్గుపడే చోట తాము నేల చూస్తారు. ఇందాక నా కూతుర్ని సిగ్గుపడేలా చేసిన చోట మాత్రం అందరూ దాన్నే చూశారు.

కరస్పాండెంటుగారు గబగబా లేచి వైరు పట్టుకున్నారు. "చాలండి, చాలండి. అందరికీ అర్థమైంది. మిగతాది ఆఫీసు రూములో మాట్లాడుకుందాం."

"మా పిల్లదైతే బాక్సులోనూ, వేరేవాళ్ళదైతే ఆఫీసు రూములోనాండి?" అన్నాను. బల్ల దగ్గరికి వెళ్ళి వైరు రెండో కొస నేను పట్టుకున్నాను.

సూర్యకాంతంగారు లేచారు. బల్ల అంచు పట్టుకుని లేచారు. ఆవిడ ఇంత చిన్నగా మాట్లాడగలదని నాకు తెలీదు.

"అది నా గొంతండి," అన్నారు.

"సూర్యకాంతంగారూ, మీరు ఉండండి..."

"ఉండనండి. అది నా గొంతే. చిన్నా అని నేను పిలిచేది మా నాగేంద్రని. డిగ్రీ రెండో సంవత్సరం. వంటింట్లోంచి పిలిచేను. వాడు పక్కగదిలో ఉన్నాడు. అయితే ఆ ముక్క మా చిన్నదాని క్లాసు గ్రూపులోకి..." ఆగిపోయారు. ఆ ముక్క అక్కడికి ఎలా వచ్చిందో, తను దాన్ని ఎక్కడికి చేర్చిందో ఆవిడకి అప్పుడే తెలుస్తోంది. నా వైపు తిరిగారు. "నువ్వు మస్కట్‌లో ఉన్నావు నిర్మలా. నేను పక్కగదిలో ఉన్నాను."

ఆవిణ్ణి నాలుగు మాటలు అనాలని పది రోజులుగా కూడబెట్టుకున్నవి నా నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. జాలి కాదు. జాలి తరవాత సంగతి. అంతమంది ముందు అంత మాట ఒప్పుకోగలిగిన మనిషిని ఏమనాలో తెలియలేదు.

"అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడండి?" అని అడిగారు మాధవీలతగారు.

"కిందేనండి. నన్ను దింపడానికొచ్చేడు." సూర్యకాంతంగారు గుప్పిట తెరిచి చూపించారు. అందులో మోటారుసైకిలు తాళం. "ఎక్కడికొచ్చినా వాడి బండి తాళం నేను తీసేసుకుంటానండి, తిరుగుళ్ళకి పోకుండా. ఇన్నాళ్ళూ కనిపెట్టుకునుండటమంటే అదేననుకున్నాను."

నాకు ఆగలేదు. "పైకి పిలవండి," అన్నాను. "వాణ్ణి ఈ మైకు ముందు నిలబెట్టండి. ఆ హైదరాబాదు యాస మళ్ళీ ఒకసారి పెట్టమనండి. ఎనభైమందీ వినాలి. మా పిల్లని విన్నారు గదా."

వెనక నుంచి రెండు గొంతులు, "పిలవండి, పిలవండి," అన్నాయి. ఇందాక నవ్విన గొంతులే అవి. కరస్పాండెంటుగారు హామీ పత్రాన్ని ఫైలు కిందకి తోసేస్తున్నారు.

"వద్దమ్మా," అంది లక్ష్మీదుర్గ.

అది లేచి బల్ల దగ్గరికి వచ్చింది. నా చేతిలోంచి వైరు తీసుకుని ఫోను నుంచి ఊడబీకింది. బాక్సు టప్‌మని ఆగిపోయింది.

"బాక్సులో వద్దు. నన్ను పెట్టినప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు," అంది. తరవాత సూర్యకాంతంగారి ముందుకి వెళ్ళి చెయ్యి చాపింది. "తాళం ఇవ్వండాంటీ. నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. ఎందుకు చేసేడో నేనే అడుగుతాను."

సూర్యకాంతంగారు నా వంక చూశారు, అడుగుతున్నట్టు. వద్దనాలని నా ఒళ్ళంతా అంటోంది. వాడు ఎలాంటివాడో, ఏమంటాడో. వారం కిందటి నేనైతే పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగేదాన్ని. తల ఊపాను. ఆవిడ తాళం పిల్ల అరచేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదల్లేదు.

నేనూ కదిలేసరికి అది గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"నువ్వు పైనే ఉండమ్మా. కనిపించేలా ఉండు. పిలిస్తే రా."

మెట్ల పైన రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. సూర్యకాంతంగారు వచ్చి రెండో పక్కన నిలబడ్డారు. వెనక హాలంతా లేచి నిలబడిన చప్పుడు వినిపించింది. కింద వేపచెట్టు నీడలో మోటారుసైకిలు మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. శుభ్రమైన చొక్కా, నున్నగా దువ్విన క్రాపు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు, ఏదో చూసి తనలో తాను నవ్వుకుంటున్నాడు.

నా కూతురు ఒక్కొక్క మెట్టే దిగింది. ఆఖరి మెట్టు మీద ఆగి, తాళాన్ని కుడిచేతిలోకి మార్చుకుంది.

ఎవరో దిగివచ్చినట్టు అనిపించి, వాళ్ళమ్మ అనుకుని, ఆ కుర్రాడు తలెత్తాడు.